కిరీటం పక్కన నిమ్మకాయ

"కుందనికా! ఇవి పాదుకలా, పడవలా?" అని మేఘాల మీద నుంచి అరిచాడు యువరాజు జయంధరుడు.

అరవక తప్పదు మరి. అతడు ఎడమకాలి పాదుక మీద ఉన్నాడు, చిత్రకారిణి కుందనిక కుడికాలి పాదుక మీద ఉంది. ఒక్కొక్క పాదుక రాజుగారి పల్లకి కన్నా పొడుగు. పోనీ రెండూ పక్కపక్కన ఎగురుతున్నాయా అంటే అదీ లేదు. ఎంత ఎగిరినా పాదుకలు పాదుకలే. ఎడమది ముందుకు పోతే కుడిది ఆగుతుంది, కుడిది ముందుకు పోతే ఎడమది ఆగుతుంది. ఇద్దరికీ మాటలు కలిసేది ఒకళ్ళనొకళ్ళు దాటిపోయే ఆ రెప్పపాటులోనే.

"తప్పు నాది కాదు, యువరాజా!" అంది కుందనిక దాటిపోతూ.

"మరి నాదా?" అన్నాడు అతడు తర్వాతి అడుగులో.

"మీరు తుమ్మారు!" అంది ఆమె ఆ తర్వాతి అడుగులో.

అది నిజమే. ఆ తుమ్ము సంగతి తెలియాలంటే మరాళదేశపు ఆచారం ఒకటి తెలియాలి. ఆ దేశంలో మాయవస్తువులు అడవుల్లో దొరకవు, మునులూ ప్రసాదించరు. కోటలో తూర్పు వైపున్న చిత్తుశాలలో కాగితం మీద పుడతాయి. చిత్రకారులు ప్రతి వస్తువునూ ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి గీస్తారు. పిడి ఎక్కడ, మేకు ఎక్కడ, తోలు ఏ జంతువుది, అన్నీ రేఖల్లో తేలాలి. గీయనిది పుట్టదు. వెనకటికి ఒక మహానుభావుడు తరగని అన్నపు కుండను గీసి, దానికి మూతి గీయడం మరిచిపోయాడు. ఆ కుండలో ఇవాళ్టికీ అన్నం కుతకుతా ఉడుకుతోంది. ఒక్క మెతుకు బయటికి రాదు.

బొమ్మ పూర్తయ్యాక రాజవంశీకులు ఎవరైనా పోతమంత్రం చదివితే వస్తువు కాగితం మీద నుంచి లేచి నిలబడుతుంది. అయితే ఆ మంత్రానికి కళ్ళు లేవు. ఎంత పెద్ద వస్తువు కావాలో దానికి తెలియదు. అందుకని ప్రతి బొమ్మ పక్కనా విడిగా ఒక నిమ్మకాయ గీస్తారు. మంత్రం కాగితాన్ని తడుముకుంటూ వచ్చి ముందు ఆ నిమ్మకాయను పట్టుకుంటుంది. ఇది నిజం నిమ్మకాయంత అయితే పక్కనున్నది ఎంతవుతుందని కొలుచుకుంటుంది. గుండ్రనివి రెండుంటే మాత్రం చిన్నదాన్నే నిమ్మకాయ అనుకుంటుంది, పాపం.

కుందనిక పాదుకలు బాగానే గీసింది. నిమ్మకాయా ముచ్చటగానే గీసింది. సరిగ్గా కుంచె ఎత్తే సమయానికి యువరాజు ఏనుగు ఘీంకరించినట్టు తుమ్మాడు. కుంచె అదిరింది. కాగితం మీద మిరియం గింజంత సిరాచుక్క పడింది. అది చూసుకోకుండా ఆయనగారు మంత్రం చదివేశారు. మంత్రం చుక్కను పట్టుకుంది. పాదుకలు చిత్తుశాల పైకప్పును లేపుకుని బయటికొచ్చాయి.

కొత్తవి గీసే వ్యవధి లేదు. కుందనిక ఛాతీకి హత్తుకుని పట్టుకున్న తడిగుడ్డ మూటే అందుకు కారణం.

ఆ మూటలో ఒక పటం ఉంది. పటంలో జానెడు ఎత్తున ఛాయమ్మవ్వ ఉంది. చిత్తుశాలకు పెద్ద ఆవిడే. తల్లీ తండ్రీ లేని కుందనికను పెంచిందీ, వేలు పట్టుకుని మొదటి గీత గీయించిందీ ఆవిడే. మూడు రోజుల క్రితం ధూమకేశి అనే మాంత్రికుడు వచ్చి, "నాకు శాసన కిరీటం గీసిపెట్టు" అన్నాడు. ఆ కిరీటం ఎవరి తల మీద ఉంటే వాళ్ళ మాట విన్న ప్రతి ప్రాణీ కిమ్మనకుండా దాన్ని పాటించాల్సిందే. "నీ తలకు కిరీటం కన్నా ముందు నూనె కావాలి, పోరా" అంది అవ్వ. వాడు తన లాగుడు కుంచెతో ఆవిడ చుట్టూ కుడివైపుగా ఒక్క సున్నా చుట్టాడు. అవ్వ కాగితంలోకి బొమ్మై పోయింది.

అదే కుంచెతో పటం మీద ఎడమవైపుగా సున్నా చుట్టి, పోతమంత్రం చదివితే అవ్వ బయటికి వస్తుంది. కానీ ఈలోగా సిరా ఆరకూడదు. ఆరిన మేర అవ్వ నిజంగానే బొమ్మ అయిపోతుంది. కుందనిక గుడ్డ తడుపుతూ తడుపుతూ మూడు రోజులు కాపాడుకొచ్చింది. అయినా నిన్న పాదాలు ఆరాయి, పొద్దున మోకాళ్ళు ఆరాయి. ఇప్పుడు ఆకాశంలో ఈ గాలికి నడుము దాకా వచ్చింది. సాయంత్రపు ఎండ దాటితే ఇక అవ్వ లేదు. కుందనికకు ఏడుపు వస్తోంది గానీ కన్నీళ్ళు కూడా వృథా చేయలేదు. గుడ్డ మీద పడేలా మొహం వంచింది.

పటంలో అవ్వ మాత్రం ఆరని చేతులు రెండూ ఊపుతూ ఏదో తిడుతోంది. మాట వినపడదు. "మొహం ఎత్తి దారి చూడవే" అని అర్థమైంది కుందనికకు.

ఎత్తిన మొహానికి ఎదురుగా, ఆ కుంచె కోసం వాళ్ళు వెతుక్కుంటూ వస్తున్న తలకొండ కనిపించింది. ఆహా, ఏమి కొండ అది! పడమటి సంధ్య కుంకుమ రాశులు పోసినట్టు ఎర్రబారిన ఆకాశం కింద, వెల్లకిలా కాక నిటారుగా నిద్రపోతున్న ముదుసలి శిరస్సులా ఉంది. విశాలమైన నుదురు, కోసుగా ముక్కు, ముక్కుకు రెండు వైపులా మూసిన రెప్పల్లాంటి రాతి పలకలు, గడ్డం పొడుగునా వేలాడే ఊడల తీగలు. నడినెత్తిన, జుట్టు పలచబడిన చోట, ధూమకేశి కట్టుకున్న నల్లని చిన్న కోట.

ఎడమ పాదుక టప్పున, కుడి పాదుక టప్పున కోట గుమ్మం ముందు దిగాయి. కాపలావాళ్ళు పదిమంది ఈటెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, పాదుకలను చూసి బిగుసుకుపోయారు.

"ఇ... ఇవి ఎవరివి?" అన్నాడు వాళ్ళ నాయకుడు.

జయంధరుడు కత్తి మీద చెయ్యి వేయబోయాడు. కుందనిక అతణ్ణి మోచేత్తో పొడిచి, తన పైటకొంగు నడుముకు బిగించి, గయ్యిమంది. "కళ్ళు కనపడవూ? మా ప్రభువు తాళజంఘుల వారివి. మర్యాద తెలిసినవారు కనుక చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఎవరైనా కాలి కింద పడ్డారేమో లెక్క చూసుకోండి!"

"మాకు కనపడలేదే!"

"మోకాలు దాకా చూస్తే ఏం కనపడతారు? తల ఎత్తి చూడాలి."

పదిమందీ ఒక్కసారి తల ఎత్తారు. ఆకాశంలో అంతెత్తున ఒక మబ్బు తీరిగ్గా కదులుతోంది. అంతే, ఈటెలు పడేసి పదిమందీ పది దిక్కులకు పోయారు. యువరాజు నవ్వు ఆపుకోలేక మళ్ళీ తుమ్మాడు.

"ఈసారి మాత్రం తుమ్మకండి, మీకు దణ్ణం పెడతాను," అంది కుందనిక.

లోపలి మండపంలోకి అడుగు పెట్టారో లేదో, వెనక తలుపులు ధడాలున మూసుకున్నాయి. ఎదురుగా పులితోలు మీద ధూమకేశి కూర్చుని ఉన్నాడు. వాడి తల మీద జుట్టు ఉండదు, పొగ ఉంటుంది. సంతోషమైతే తెల్లగా, కోపమైతే నల్లగా. ఇప్పుడు పాలనురగలా తెల్లగా ఉంది. మెడలో నిమ్మకాయల దండ, మొలలో లాగుడు కుంచె.

"రండి నాయనా, రండి! గీసే చెయ్యొకటి, చదివే నోరొకటి. ముసలిదాన్ని పటం కట్టి అక్కడే ఎందుకు వదిలి వచ్చాననుకున్నారు? మీరిద్దరూ మీ కాళ్ళతో మీరే వస్తారని!"

జయంధరుడు కత్తి దూశాడు. ధూమకేశి కుంచె దూసి, దాని మొన అవ్వ పటం వైపు తిప్పాడు. "ఒక్క అడుగు ముందుకు వేశావంటే, కుర్రవాడా, ఈ కుంచెను నిప్పులో పెడతాను. ఆ తర్వాత ఆ పటానికి చట్రం చేయించుకో."

కత్తి ఒరలోకి పోయింది.

"శాసన కిరీటం గీయి. యువరాజు మంత్రం చదువుతాడు. కిరీటం నాకు, కుంచె మీకు. సూర్యుడు ఆ గవాక్షం అంచుకు వచ్చాడు. తొందరపడితే మీకే మంచిది."

కుందనిక మూట విప్పింది. అవ్వకు నడుము దాటి రొమ్ము దాకా ఆరింది. లోకమంతటినీ వీడి చేతికి అప్పగించాలా, అవ్వను పోగొట్టుకోవాలా? "అవ్వా, ఏం చెయ్యను?" అంది పైకే.

అవ్వ బొమ్మ ఎడమ అరచేతిని కాగితం చేసి, కుడిచేతి చూపుడువేలితో దాని మీద గీసి చూపించింది. గీయి!

"అవ్వే గీయమంటోంది," అని నవ్వాడు ధూమకేశి. "చావు దగ్గర పడితే అందరికీ బుద్ధి వస్తుంది."

కుందనిక కూర్చుంది. ఇక ఆ చేతిని చూడాలి! ముందు నుంచి కిరీటం: తొమ్మిది శిఖలు, ఒక్కొక్క శిఖకు నోరు తెరిచిన చిలుక, ఎందుకంటే ఆజ్ఞను నలుదిక్కులకూ మోసుకుపోయేది చిలుకే. పక్క నుంచి కిరీటం: చెవుల మీదికి వాలిన రెండు బంగారు ఆకులు, ఎదుటివాళ్ళ మాట ధరించినవాడికి వినపడకుండా. పై నుంచి కిరీటం: తలకు పట్టే వలయం, లోపల మెత్తగా కుందేలు చర్మం. పక్కన విడిగా నిమ్మకాయ, తొడిమతో సహా.

ధూమకేశి మెడలోంచి ఒక నిమ్మకాయ తెంపి బొమ్మ నిమ్మకాయ మీద పెట్టి చూశాడు. అణువంత తేడా లేదు. కాగితాన్ని వెలుగులో పెట్టి ఎక్కడైనా సిరాచుక్క ఉందేమోనని వెతికాడు. లేదు.

"మాకూ తెలుసులే మీ చుక్కల సంగతి. గుమ్మంలో పాదుకలు చూశాను," అన్నాడు. "ఊఁ, చదవవయ్యా."

"ఆగండి," అంది కుందనిక. "శిష్యుల బొమ్మ గురువు కంట పడకుండా పోతకు వెళ్ళకూడదు. మా చిత్తుశాల ఆచారం. చూపించకపోతే వస్తువు పెళుసుగా పుడుతుంది."

పెళుసు కిరీటం ఎవరికి కావాలి? "చూపించు, చూపించు," అన్నాడు వాడు. పొగ ఇంకా తెల్లబడింది.

కుందనిక అవ్వ పటాన్ని కిరీటం కాగితానికి ఆనించి పెట్టింది. తడి అంచు తడి అంచును తాకింది. ఆచారం నిజంగా ఆచారమే గానీ ఆమెకు వేరే ఉపాయమేమీ లేదు. అవ్వ చివరిసారి తన గీత చూసి మెచ్చుకుంటే చాలనుకుంది, అంతే.

జయంధరుడు మంత్రం అందుకున్నాడు. ఆ మంత్రాన్ని కంఠతా పట్టేయాలని ధూమకేశి అతడి పెదవులనే చూస్తున్నాడు. కుందనిక ఒక్కతే కాగితాన్ని చూస్తోంది.

ఛాయమ్మవ్వ మెచ్చుకోవడం మానేసి కొంగు సర్దుకుంది. తన పటం అంచు దాటి, తడి మీదుగా, కిరీటం కాగితంలోకి చెయ్యి చాచింది. నిమ్మకాయను, తన తలకన్నా పెద్ద నిమ్మకాయను, కుమ్మరి కుండను ఎత్తుకున్నట్టు ఎత్తి చంకలో పెట్టుకుంది. తర్వాత తన నుదుటి బొట్టును గోటితో గీకి, సూదిమొనంత చుక్కను నిమ్మకాయ ఉన్న చోట పెట్టింది. పెట్టి, శిష్యురాలి వైపు చూసి కన్ను కొట్టింది.

కుందనిక యువరాజు పక్కకు జరిగింది. "యువరాజా," అంది మెల్లగా, "తుమ్మినా ఫరవాలేదు. పరుగెత్తడానికి మాత్రం సిద్ధంగా ఉండండి."

మంత్రం ముగిసింది.

కాగితం మీద బంగారు తీగ ఒకటి లేచింది. పళ్ళెమంత అయింది, బండి చక్రమంత అయింది, మండపమంత అయింది. స్తంభాలను తోసుకుంటూ, గోడలను పెళ్ళలుగా రాల్చుకుంటూ, చిలుకలు కీచుమంటూ ఆకాశంలోకి లేచింది. అక్కడ సూర్యుడికి అడ్డంగా ఒక్క క్షణం తిరిగి, ధనధనధన మోగుతూ కిందికి దిగి, కోటనూ నాలుగు బురుజులనూ లోపల పెట్టుకుని, తలకొండ నుదుటి మీద కుదురుగా కూర్చుంది. ఎంత కుదురుగా అంటే, కొలతలు తీసి చేయించినట్టు.

ధూమకేశి పొగ బొగ్గులా నల్లబడింది. "మోసం!" అని కుంచె ఎత్తాడు.

అప్పుడే నేల కదిలింది. కుంచె చేతిలోంచి ఎగిరిపోయింది. కింద ఎక్కడో రెండు రాతి పలకలు కిర్రుమంటూ పైకి లేచాయి. వెయ్యేళ్ళ దుమ్ము రాలింది. తలకొండ కళ్ళు తెరిచింది.

"అమ్మయ్య," అంది కొండ. ఆ గొంతుకు లోయలో పక్షులన్నీ లేచాయి. "ఇన్నాళ్ళకు నోరు తెరవాలనిపించింది. నెత్తి మీద ఒకటే దురద. అందరూ దిగండి."

శాసన కిరీటం ధరించినవాడి మొదటి ఆజ్ఞ అది. లోకమంతా తన మాట వినాలనుకున్న ధూమకేశే అందరికన్నా ముందు విన్నాడు. కాళ్ళు వాటంతట అవే లేచి, పొగ గింగిరాలు తిరుగుతుంటే, "వద్దు! వద్దే కాళ్ళూ!" అని అరుస్తూ చెవి పక్క దారంట కిందికి పరుగు. వాడి వెనక లోపలి కాపలావాళ్ళు, వంటవాళ్ళు, పంజరాలు తెంచుకున్న గుడ్లగూబలు. కుందనిక, జయంధరుడు కూడా ఆగలేదు, ఆగలేరు. పరుగెత్తుతూనే యువరాజు ఒర చాచి, దొర్లిపోతున్న కుంచెను గాల్లోకి లేపి పట్టుకున్నాడు.

"దొరికింది! చుట్టు, కుందనికా, చుట్టు!"

పటం చూసుకుంది ఆమె. సిరా అవ్వ గడ్డం దాకా ఆరింది. చంకలో నిమ్మకాయ అలాగే అంటుకుపోయింది. ఈ నిమ్మకాయతో మంత్రం చదివితే కొలత ఏమవుతుందో ఆమెకు తెలియదా? పక్కన సరైన నిమ్మకాయ, బటాణీ గింజంతది, ఒక్కటి గీస్తే చాలు. కానీ సిరాబుడ్డి పైన కోటలో ఉండిపోయింది. కాళ్ళు ఆగవు. సూర్యుడు గోరంత మిగిలాడు.

"అవ్వా, నువ్వు ముందే ఎరుగుదువా?" అంది.

అవ్వ ఇక కదలని పెదవులతో కాక కళ్ళతో నవ్వింది. ఎరుగును.

కుందనిక పరుగెత్తుతూనే, ఎగుడుదిగుడు రాళ్ళ మీద, ఎడమవైపుగా సున్నా చుట్టింది. జయంధరుడు ఎగశ్వాసతో ఒక్క అక్షరం పొల్లుపోకుండా మంత్రం చదివాడు. ఆఖరి కిరణం పోయే వేళకు కాగితం ఖాళీ అయింది.

కొండ గడ్డం దిగి, మైదానంలో కాలు పెట్టగానే ఆజ్ఞ తీరి కాళ్ళు ఆగాయి. కుందనిక అరచేతిలో జానెడు ఛాయమ్మవ్వ నిలబడి ఉంది, చంకలో తలకన్నా పెద్ద నిమ్మకాయతో.

"సున్నా అంటే అదా? వంకాయలా ఉంది! పదేళ్ళు నేర్పింది ఇందుకా?" అంది అవ్వ. గొంతు మాత్రం మునుపటి సైజులోనే ఉంది.

కుందనిక ఏడ్చింది, నవ్వింది, అవ్వను చెంపకు ఆనించుకుంది. "పెరగడానికి ఏదైనా గీస్తాను, అవ్వా. రేపే గీస్తాను."

"గీద్దువుగానిలే. ముందు నన్ను కింద పడేయకు."

దూరంగా బురద మడుగులో నడుము దాకా కూరుకుపోయిన ధూమకేశి ఇంకా తిడుతూనే ఉన్నాడు. యువరాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే కొండ మళ్ళీ మాట్లాడింది.

"బాగానే ఉంది ఇది. ఎవరు పెట్టారు నా నెత్తిన? పెట్టినవారు పైకి రండి. మీతో పని ఉంది."

కుందనిక తన చేతిని చూసుకుంది. గీసిన చెయ్యి తనదే! కాళ్ళు కదులుతాయని కళ్ళు మూసుకుంది. కదలలేదు. చదివిన నోరు తనదేనని యువరాజూ బిగుసుకున్నాడు. అతడి కాళ్ళూ కదలలేదు.

అరచేతిలో చిన్న బరువొకటి లేచింది. కళ్ళు తెరిచేసరికి ఛాయమ్మవ్వ ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని జరజరా నేల మీదికి దిగుతోంది. నిమ్మకాయ తీసి బొట్టు పెట్టింది ఆవిడే కదా మరి. కొండకు ఆ సంగతి తెలుసు. జానెడు మనిషి, అంత కొండకేసి, గడ్డిపరకలను రెండు చేతులా తోసుకుంటూ నడక సాగించింది.

"మీరు ఇంటికి పొండి!" అంది వెనక్కి తిరగకుండా. "ఆజ్ఞ నాకే గానీ మీకు కాదు!"

నిజమే. వాళ్ళకు ఆజ్ఞ లేదు. ఎడమ పాదుక, కుడి పాదుక కొండ మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి పక్కనే ఆగి ఉన్నాయి. ఎక్కితే తెల్లవారేసరికి చిత్తుశాల.

కుందనిక పాదుకల వైపు చూడనైనా లేదు. కుంచె జడలో దోపుకుని, నాలుగు అంగల్లో అవ్వను చేరుకుని, ఆవిడను ఎత్తి భుజాన కూర్చోబెట్టుకుంది. రెండో భుజం పక్కన జయంధరుడు వచ్చి నడక కలిపాడు.

"ఆ నిమ్మకాయ ఇటివ్వండి అవ్వా, నేను మోస్తాను," అన్నాడు యువరాజు.